నలభై ఒక్క వరసలు

గణాంకాల గది, ఆసుపత్రి మూడో అంతస్తు
జూన్ 4

తమ్ముడికి,

కాగితం మీద రాస్తున్నానేమిటా అని ఆశ్చర్యపోకు. ఫోనులో నీకు వినపడదు. మెయిల్ పంపితేనేమో నువ్వు ఊరుకోవు. లెక్కలు వేసే నీ ప్రోగ్రాం జల్లెడ గురించి ఎవరేమడిగినా అందరూ చూసే పేజీలోనే జవాబు చెబుతానని నీకో నియమం కదా, నా ప్రశ్నను తీసుకెళ్లి లోకమంతా చదివేచోట అతికిస్తావు. నీ నోట్లో నువ్వుగింజ నానదు. కాగితాన్నయితే అతికించలేవని ఈ తిప్పలు.

ఎలా ఉన్నావు? వేళకి తింటున్నావా? పగలంతా కుట్టుమిషన్లతో కుస్తీ, మిగిలిన పొద్దంతా పైసా రాని ఆ ప్రోగ్రాంతో కుస్తీ. పదమూడేళ్లయింది. కాస్త ఒళ్లు చూసుకోరా అంటే నవ్వుతావు. నవ్వు గానీ, మా గదిలో నలుగురమూ పొద్దున్నే ముందు తెరిచేది నీ జల్లెడనే. నా తమ్ముడు చేశాడని చెబితే కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు.

ఇంతకీ విషయం. పక్క గదిలో ఒకావిడ ఉంది, పాత లెక్కలేవో తిరగేస్తోంది. పట్టికలో కొన్ని గడులు ఖాళీగా ఉంటే జల్లెడ వాటిని ఏం చేస్తుందని అడిగింది. నాకు తెలుసనుకున్నాను, తీరా చెప్పబోతే నోరు తడబడింది. నాలుగైదేళ్ల కిందటి జల్లెడ ఏం చేసేదో కాస్త వివరంగా రాయి. తొందరేం లేదు. అంటే, మరీ ఆలస్యం కూడా చెయ్యకు.

బావగారు నిన్ను అడిగానని చెప్పమన్నారు.

అక్క

*

కుట్టుమిషన్ల షాపు, వెనక గది
జూన్ 13

అక్కకి,

కవరు మీద నా పేరు కింద "జల్లెడ యజమాని" అని రాశావు. పోస్టుమాన్ వాళ్లింటికి ఒక పిండి జల్లెడ కావాలన్నాడు. చిన్న కన్నాలదయితే మేలట.

మీ పక్క గది ఆవిడకి ఇలా చెప్పు. పట్టికలో ఒక్కో మనిషికి ఒక్కో వరస. లెక్కకి కావలసిన గడుల్లో ఒక్కటి ఖాళీగా ఉన్నా జల్లెడ ఆ మనిషిని మొత్తంగా పక్కన పెడుతుంది, మిగిలినవాళ్లతోనే లెక్క వేస్తుంది. ఇది నా సొంత తెలివేమీ కాదు, ఈ రంగంలో చాలామంది చేసేదే. మొదట్లో అలా పక్కన పెట్టినప్పుడల్లా "ఇన్ని వరసలు వదిలేశాను" అని ఎర్ర అక్షరాల్లో ఒక హెచ్చరిక వచ్చేది. ఎనిమిదేళ్ల కిందట దాన్ని తీసేశాను. అప్పట్నుంచి జల్లెడ వదిలేస్తుంది గానీ చెప్పదు. ఎందుకు తీశానో గుర్తులేదు. మార్పుల చిట్టా చూసి రాస్తాను. చిట్టా సంగతి నీకు తెలుసుగా. ఏ చిన్న మార్పు చేసినా ఏ తేదీన, ఎందుకు, ఎవరడిగితే చేశానో ఒక వాక్యం రాసి, వాళ్లకి థాంక్స్ చెబుతాను.

ఒక మాట అడగనా? పోయిన నెల ఎవరో కాలేజీ మాస్టారు నా పేజీలో ఒక ప్రశ్న పెట్టాడు. ప్రచురించిన ఒక వ్యాసంలో, ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు మీద 412 మందితో పరీక్ష జరిపామని మొదటి పేజీలో ఉందట. చివరి పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో 371 అని ఉందట. మిగతా నలభై ఒక్కమందీ ఏమయ్యారని ఆయన ప్రశ్న. లెక్క జల్లెడతో వేశామని వ్యాసంలో రాశారు గనక నన్నడిగాడు. వ్యాసం రాసినవాళ్లది మీ ఆసుపత్రే, వాళ్లనే అడగమన్నాను.

ఆవిడ తిరగేస్తున్న లెక్క అదేనా?

తమ్ముడు

*

గణాంకాల గది
జూన్ 20

ఒరేయ్,

పక్క గదిలో ఎవరూ లేరు. పక్కది స్టోరు రూము, దాన్నిండా విరిగిన కుర్చీలు. లెక్క నాదే.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నువ్వు అడగ్గానే నీ ఉత్తరాన్ని ఫైళ్ల కింద దాచాను. ఇక దాచి లాభం లేదు. ఆ మాస్టారు మా పెద్ద డాక్టరుకి కూడా రాశాడు. పెద్ద డాక్టరు నన్ను పిలిచాడు. మూడు ఆసుపత్రులు కలిసి చేసిన పరీక్ష అది. చీటీ వేసి సగం మందికి చిన్న డోసు, సగం మందికి పెద్ద డోసు ఇచ్చారు. పట్టికలు నా దగ్గరికి వచ్చాయి, నేను లెక్క వేశాను. పెద్ద డోసు తీసుకున్నవాళ్లలో చావులు తక్కువని తేలింది. నాలుగేళ్ల కిందట వ్యాసం వచ్చింది, పెద్ద డాక్టరుకి పేరొచ్చింది, మూడు చోట్లా అందరికీ పెద్ద డోసే ఖాయమైంది.

మూడో రోజు రక్తపరీక్ష విలువ కూడా లెక్కలో పెట్టాను. పెట్టమన్నది పెద్ద డాక్టరే, కానీ నేను కాదనలేదు. ఆ గడి ఖాళీగా ఉన్నవాళ్లే నలభై ఒక్కమందీ. మూడో రోజు రక్తం తియ్యలేదంటే ఎందుకు తియ్యలేదు? సీసాలు పగిలాయా, ముందే ఇంటికి వెళ్లిపోయారా? లేక మూడో రోజు వాళ్లకి రాలేదా? నువ్వే చెప్పు. వద్దులే, చెప్పకు.

ఇప్పుడొక కమిటీ వేశారు. లాయరు వచ్చాడు. ఆఫీసు మెయిళ్లన్నీ చదువుతున్నాడు. బూట్లు కిర్రుకిర్రుమంటూ నడుస్తాడు, ఎటు తిరిగినా ఆ చప్పుడే. నిన్న నాతో ఏమన్నాడో తెలుసా? "అమ్మా, మీరు కంగారు పడకండి. ఊరికే వచ్చిన సరుకు అది. దానికి పూచీ ఎవరు? ఎవడో ఇంట్లో కూర్చుని చేసినదాన్ని నమ్మాం, అది మోసం చేసింది. మన పొరపాటు అదొక్కటే." నేను తల ఊపాను. ఆ ఎవడో నా తమ్ముడే అని అనలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆ హెచ్చరిక తీసెయ్యమని నిన్ను అడిగిందెవరో చూశావా? ఆ పేరు నాకు కావాలి. ఎవడో పనికిమాలినవాడి మాట విని నువ్వది తీసేసి ఉంటే, కనీసం ఆ పాపం వాడికి కాస్త అంటుతుంది.

అక్క

*

షాపు వెనక గది
జూన్ 29

అక్కకి,

చిట్టా చూశాను. నిజానికి పోయిన ఉత్తరం రాయకముందే చూశాను. గుర్తులేదని రాసింది అబద్ధం.

అందులో ఇలా ఉంది. "వదిలేసిన వరసల హెచ్చరికను తీసేశాం. ఫలితం తెర మీద శుభ్రంగా కనబడుతుంది. అడిగినది: అక్క. థాంక్స్."

ఎనిమిదేళ్ల కిందట నువ్వు పంపిన మెయిల్ కూడా నా దగ్గరుంది. "ఒరేయ్, ఆ ఎర్ర గీతలు చూసి డాక్టర్లు బెదిరిపోతున్నారు, మా లెక్కలో తప్పుందనుకుంటున్నారు, పానకంలో పుడకలాంటి ఆ గోల తీసెయ్యరా బాబూ" అని రాశావు. రెండో రోజే తీసేశాను. అడిగింది నువ్వు గనక రెండుసార్లు ఆలోచించలేదు. వేరేవాళ్లు అడిగి ఉంటే నెల్లాళ్లు వాదించేవాణ్ణి. కాబట్టి ఆ పాపంలో సగం నాది. సగమని కూడా అనను, తీసిన చెయ్యి నాదే.

చిట్టాలో "అక్క" అని ముప్పై ఒక్కచోట్ల ఉంది. ఎక్కడెక్కడివాళ్లో జల్లెడ వాడే జనం నన్ను "అక్క బాగుందా?" అని అడుగుతారు. నువ్వు ఎవరో వాళ్లకి తెలియదు. మీ లాయరు చిట్టా తెరిస్తే, నేను నీకేమవుతానో ఎవరైనా చెబితే, తెలిసిపోతుంది.

నీ దగ్గర ఆ పట్టిక ఉంది. వరసలు తెరిచి చూడు. నలభై ఒక్కటీ చూడు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఎందుకు తెరవలేదు? నువ్వు ఉప్పు తక్కువైతే కూర మొత్తం మళ్లీ వండే మనిషివి. ఇందులో నువ్వు నాకు చెప్పనిదేదో ఉంది.

తమ్ముడు

*

ఇల్లు
జూలై 6

తమ్ముడికి,

ఆఫీసులో రాయడానికి భయమేసి ఇంట్లో రాస్తున్నాను. బావగారు పక్క గదిలో పేపరు చదువుతున్నారు. ఆయనకింకా ఏమీ చెప్పలేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తర్వాత నవ్వొచ్చింది. పనికిమాలినవాడి పేరు చెప్పమన్నాను, చెప్పావు.

జల్లెడ సంగతులు తప్ప నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదురా. నీకు జ్వరం వచ్చి చెవులు పోయినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. బళ్లో నీ పక్కన కూర్చుని మాస్టారు చెప్పింది పలక మీద రాసి చూపించాను. దానికి బదులు అడుగుతున్నానని కాదు. అడుగుతున్నాననే అనుకో. ఆ ఒక్క వాక్యం తీసెయ్. అడిగినది ఎవరో లేకుండా చెయ్. చిట్టా నీది, తాళం నీ దగ్గరుంది, నువ్వు మారిస్తే ఎవరికీ తెలియదు. లాయరు జల్లెడ మీదికి తోసేస్తాడు, జల్లెడకి ఉద్యోగం లేదు, పిల్లలు లేరు. నిన్ను ఎవరూ ఏమీ చెయ్యలేరు, దేనికీ పూచీ లేదని మొదటి పేజీలోనే రాశావుగా. నాకు రిటైర్మెంటు ఇంకా ఆరేళ్లుంది. ఇరవై రెండేళ్లు ఒక్క తప్పు లెక్క వెయ్యలేదని పేరు తెచ్చుకున్నాను. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది, ఇది మనింట్లోనే ఉండిపోనీ.

కమిటీ రెండు నెలల్లో తేలుస్తుందట. అప్పటిదాకా వార్డుల్లో పాత పద్ధతే నడవనివ్వమన్నారు, ఉన్నట్టుండి మారిస్తే జనం అడుగుతారని. ఈలోపు నువ్వా మార్పు చేసేస్తే చాలు.

పట్టిక తెరవమన్నావు. తెరుస్తాను. ఇప్పుడు కాదు.

నీ అక్క

*

షాపు
జూలై 11

అక్కా,

పాత పద్ధతంటే పెద్ద డోసేనా? ఇంకా ఇస్తున్నారా?

నీ ఉత్తరంలో ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. పేరు మాసిపోతుందన్న బెంగకి రెండు పేజీలు పట్టాయి, దీనికి ఒక్క వాక్యం. అదీ చివర్లో.

నువ్వడిగిన పని మొదలుపెట్టాననే చెబుతాను. చిట్టాలో ఆ వాక్యం చెరిపే ఆదేశం టైపు చేశాను. ఒక్క మీట నొక్కితే అయిపోయేది. ఒక కుట్టుమిషన్ ఆవిడ వచ్చింది, దారం తెగిపోతోందని. చూస్తే సూది తిరగేసి పెట్టుకుంది. అది సరిచేసి పంపించి వచ్చి కూర్చున్నాను. నొక్కలేదు, నొక్కను. పలక మీద నువ్వు రాసి చూపించినవన్నీ నిజమేనని నమ్మి చదువుకున్నవాణ్ణి.

ఇంకొకటి. నాన్నకి తుంటి ఆపరేషన్ చేసింది మీ ఆసుపత్రిలోనే, ఆ పరీక్ష జరుగుతున్న రోజుల్లోనే. నువ్వు అక్కడ ఉద్యోగివి కాబట్టి కుదరదన్నారు, నాన్నని ఆ పరీక్షలో చేర్చే ఒప్పుకోలు కాగితం మీద సంతకం నేను పెట్టాను. "మంచి మందురా, మంచి చేతుల్లో ఉంటాడు" అన్నావు. నాన్న రెండో రోజు సాయంత్రం పోయాడు. లోపల రక్తం కారిందన్నారు. వయసు మీదపడింది కదా అన్నారు.

నాన్న ఏ వరస?

*

ఇల్లు
జూలై 19

తమ్ముడికి,

212.

నాన్న 212వ వరస. మగ, అరవై ఎనిమిది, బరువు అరవై ఒకటి, తుంటి. చీటీలో పెద్ద డోసు. మొదటి రోజు రక్తపరీక్ష ఉంది. మూడో రోజుది ఖాళీ.

ఇక అంతా చెప్పేస్తాను. నాలుగేళ్ల కిందట లెక్క వేసిన రోజున పట్టిక అడుగున 371 నాకు కనబడింది. ఎవరో చెబితే తెలిసింది కాదు. 412 రావాలని నాకు తెలుసు. ఎర్ర గీతలు లేకపోయినా కళ్లున్నాయిగా. తేడా ఎక్కడొచ్చిందో చూడాలంటే వరసలు తెరవాలి. తెరిస్తే నాన్న కనబడతాడు. పేరుండదు, కానీ వయసు, బరువు, తేదీ చూస్తే నేను గుర్తుపట్టనా? నాన్న ఏ డోసు వైపు పడ్డాడో తెలిసిపోతుంది. అది తెలుసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఏవో సీసాలు పగిలి ఉంటాయిలే అనుకున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఫలితాల కాగితం తీసి పెద్ద డాక్టరు చేతిలో పెట్టాను. వేరే ఎవరి నాన్న ఉన్న పట్టికైనా అయితే ఆ రోజే వరస వరసా తిరగేసేదాన్ని. అందుకే నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

మొన్న గురువారం తెరిచాను. నలభై ఒక్కమందిలో అయిదుగురివి నిజంగానే పోయిన సీసాలు. ముప్పై ఆరుగురు మూడో రోజు చూడలేదు. అందులో చిన్న డోసువాళ్లు ఏడుగురు, పెద్ద డోసువాళ్లు ఇరవై తొమ్మిది మంది. వ్యాసంలో చిన్న డోసుకి పదకొండు చావులు, పెద్ద డోసుకి ఆరు అని వేశాం. అసలు లెక్క పద్దెనిమిది, ముప్పై అయిదు. మూడో రోజుదాకా బతికినవాళ్లకి మంచి మందని తేల్చాం, రెండో రోజే చచ్చిపోయినవాళ్లని లెక్కలోంచి తీసేసి.

ఇంకా ఉంది. నీ ఉత్తరం సోమవారం వచ్చింది. నాకు కోపం వచ్చింది, చెరపలేదని. రెండు రోజులు దాన్ని బీరువాలో పెట్టి తిరిగాను. గురువారం పొద్దున రెండో అంతస్తు మీదుగా వస్తుంటే తొమ్మిదో మంచం ఖాళీగా ఉంది, పక్క మారుస్తున్నారు. ఆ మంచం మీద ఉన్నాయన లారీ డ్రైవరు. మోకాలి ఆపరేషన్. మంగళవారం నాతో మాట్లాడాడు, "అమ్మా, లిఫ్టు ఎప్పుడు బాగవుద్ది? మా ఆవిడ మెట్లెక్కలేదు" అని. నర్సుని అడిగాను. "రాత్రి పోయాడండీ. లోపల రక్తం కారింది" అంది.

ఆ రెండు రోజులూ నీ ఉత్తరం నా బీరువాలో ఉంది.

అక్కణ్నుంచి తిన్నగా నా గదికెళ్లి పట్టిక తెరిచాను, అది పట్టుకుని మందుల గదికి వెళ్లాను. మందులాయన ఎదురుగా కూర్చుని పట్టిక అంతా చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "నాలుగేళ్లా అమ్మా?" అన్నాడు. నా ముందే మూడు వార్డులకీ ఫోను చేసి పెద్ద డోసు ఆపించాడు. మిగతా రెండు ఆసుపత్రులకీ కాగితం పంపాడు. ఎవరి అనుమతీ అడగలేదు. సాయంత్రానికి ఆయన్నీ నన్నూ ఇంటికి పంపించేశారు. లాయరు నా పక్కనే గేటుదాకా కిర్రుకిర్రుమంటూ నడిచాడు.

చిట్టా ముట్టుకోకు. ఈ ఉత్తరం మాత్రం నీ పేజీలో పెట్టు. నీ నియమం ప్రకారం మొదటి రోజే పెట్టాల్సింది. కాగితమని వదిలెయ్యకు, ఫోటో తీసి పెట్టు.

బావగారికి చెప్పాను. పేపరు మడిచి, వెళ్లి నాన్న ఫోటో ముందు నిలబడ్డారు.

అక్క

*

షాపు వెనక గది
ఆగస్టు 30

అక్కకి,

ఆలస్యానికి తిట్టకు. కొత్త జల్లెడ నిన్న బయటికి వదిలాను. చిట్టాలో ఇలా రాశాను, ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"వదిలేసిన వరసల హెచ్చరికను తిరిగి పెట్టాం. దీన్ని ఆపడం కుదరదు. ఎనిమిదేళ్ల కిందట తీయమని అడిగినది: అక్క. తీసినది: నేను. దానివల్ల జరిగిన నష్టం కింది ఉత్తరంలో ఉంది. కనిపెట్టి చెప్పినది: కాలేజీ మాస్టారు, అక్క."

థాంక్స్ అని రాయలేదు. రాయబోయి ఆగాను. ఎవరికి చెప్పాలో తెలియలేదు.

నీ ఉత్తరం పెట్టిన మర్నాటి నుంచీ పేజీ నిండా మనుషులే. కొందరు నిన్ను తిట్టారు, కొందరు నన్ను. పదకొండుమంది మాత్రం తమ పాత లెక్కలు తెరిచి చూసుకున్నామని రాశారు. వాళ్లలో ఇద్దరికి తప్పులు దొరికాయట. ఒకటి చంటిపిల్లల మందు. ఇంతకన్నా ఏమీ రాయలేదు, నేనూ అడగలేకపోయాను.

ఈసారి ఎర్ర గీతలతో సరిపెట్టలేదు. ఎన్ని వరసలు వదలబోతున్నదో చెప్పి జల్లెడ ఆగిపోతుంది. ఒక్కొక్క వరసనీ తెర మీదికి తెస్తుంది. "చూశాను" అని చేత్తో టైపు చేస్తేనే తర్వాతదానికి వెళుతుంది. అందరినీ చూశాకే ఫలితం. జనం గగ్గోలు పెడుతున్నారు. రెండు వేల వరసలుంటే రెండు వేలసార్లు కొట్టాలా, నీకేమైనా పిచ్చా అని. కొట్టాలన్నాను. సగంమంది వేరే ప్రోగ్రాంకి వెళ్లిపోతారు. పోనీ.

నీ దగ్గర పట్టిక కాపీ ఉండే ఉంటుంది. ఒకసారి వేసి చూడు. నేను వెయ్యలేను, నాన్న దగ్గర ఆగిపోతాను.

తమ్ముడు

*

ఇల్లు
సెప్టెంబర్ 9

తమ్ముడికి,

నా ఉద్యోగం పోయింది. మందులాయన్ని తిరిగి తీసుకున్నారు, ఆయన లేకపోతే మందుల గది నడవదు. డ్రైవరుగారి భార్య పేపర్లో నా ఉత్తరం సంగతి చదివి ఇంటికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "ఆయన ఎన్నో నంబరమ్మా?" అని అడిగింది. ఆ పరీక్ష అయిపోయాక వచ్చినవాళ్లకి నంబర్లు లేవని చెప్పాను. "అయితే ఎక్కడా రాయలేదా?" అంది. లేదన్నాను. వెళ్లిపోయింది. నాలుగేళ్లలో అలాంటివాళ్లు ఎంతమందో ఏ పట్టికలోనూ లేదురా. నేను ఎప్పటికీ లెక్క వెయ్యలేను.

ఇవాళ పొద్దున కొత్త జల్లెడ వేశాను. నలభై ఒక్క వరసలు వదలబోతున్నాను అని ఆగింది. మొదటిది 7. ఆడ, డెబ్భై ఒకటి. చూశాను అని కొట్టాను. తర్వాత 15. తర్వాత 16, మగ, ముప్పై తొమ్మిది. వేలు నొప్పెడుతుందనుకున్నాను, ఆ సంగతే మర్చిపోయి ఒక్కొక్కరి వయసూ పైకి చదువుతూ కొట్టాను. పందొమ్మిదోసారికి 212 వచ్చింది.

అరవై ఎనిమిది. అరవై ఒకటి. తుంటి. మూడో రోజు దగ్గర ఖాళీ. ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టాను. బావగారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి తెర చూశారు. "మామయ్యగారా?" అన్నారు. అవునన్నాను.

చూశాను అని కొట్టాను. తర్వాతది 219. ఆవిడకి యాభై నాలుగేళ్లు.

అక్క